ఈత ఆగింది.. వాచీ ఆగలేదు! రోలెక్స్ విల్స్‌డార్ఫ్ కథ ఇదీ

పాత డైవింగ్ వాచీలు సేకరించేవాళ్లకు బాగా తెలిసిన పేరు హాన్స్ విల్స్‌డార్ఫ్. 1881లో జర్మనీలో పుట్టారు. చిన్నతనంలోనే అమ్మానాన్న ఇద్దరూ పోయారు. 1905లో లండన్‌లో ఆల్ఫ్రెడ్ డేవిస్‌తో కలిసి వాచీల వ్యాపారం మొదలెట్టారు. 1908లో రోలెక్స్ పేరు పెట్టారు.

అప్పట్లో చేతి వాచీ అంటే ఆడవాళ్ల నగ అని చిన్నచూపు. పైగా తడి తగిలితే అంతే! 1926లో ఆయన ఆయిస్టర్ తెచ్చారు. వెనక మూత, కీ ఇచ్చే గుండీ.. రెండూ మరలా తిప్పి బిగించేవే. గుండీ ఐడియా ఆయనది కాదు, వేరేవాళ్ల పేటెంట్ కొన్నారు. కానీ జనాన్ని నమ్మించడంలో మాత్రం ఆయనకు ఆయనే సాటి.

1927 అక్టోబర్ 21. ఇంగ్లిష్ ఛానల్ ఈదానన్న మెర్సిడెస్ గ్లైట్జ్ మాటను కొందరు నమ్మలేదు. దాంతో ఆమె మళ్లీ నీళ్లలో దిగారు. మెడలో ఆయిస్టర్ వాచీ. ఎముకలు కొరికే చలి.. పది గంటలు దాటాక, ఒడ్డు చేరకుండానే ఆమెను పైకి లాగేశారు. వాచీ మాత్రం నడుస్తూనే ఉంది. నెల తర్వాత డైలీ మెయిల్ మొదటి పేజీ మొత్తం విల్స్‌డార్ఫ్ ప్రకటనే! షాపుల అద్దాల వెనక నీళ్ల తొట్టెల్లోనూ వాచీలు పెట్టించారు.

1953లో డైవర్ల కోసం సబ్‌మెరైనర్ తయారైంది. ఆ తొలినాటి వాచీ, అదీ డయల్ మార్చనిది దొరికితే కలెక్టర్లకు పండగే. 1960 జనవరి 23న ట్రియెస్టె జలాంతర నౌక మరియానా అగాధం అడుగుకు, దాదాపు 10,900 మీటర్ల లోతుకు దిగింది. దాని బయట కట్టిన రోలెక్స్ ప్రయోగ వాచీ నడుస్తూనే పైకొచ్చింది. అదే ఏడాది జులైలో విల్స్‌డార్ఫ్ కన్నుమూశారు. పిల్లల్లేరు. 1945లో ఆయన పెట్టిన ఫౌండేషన్ చేతిలోనే రోలెక్స్ ఇప్పటికీ ఉంది.