ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్

ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ (1900 నవంబరు 21 - 1944 మార్చి) పోలండు దేశానికి చెందిన యూదు చరిత్రకారుడు, ఉపాధ్యాయుడు, సంఘసేవకుడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ నాజీలు వార్సా నగరంలో యూదులను గోడల నడుమ నిర్బంధించిన ఘెట్టోలో, రహస్యంగా ఒక పత్ర భాండాగారాన్ని నెలకొల్పినవాడుగా ఈయన ప్రసిద్ధుడు.

బాల్యము, విద్య

ఈయన నాటి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలోని బుచాచ్ పట్టణంలో జన్మించాడు. ఈ పట్టణం నేడు ఉక్రెయిన్‌లో ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనపుడు వీరి కుటుంబం నోవీ సాంచ్ పట్టణానికి తరలిపోయింది. తరువాత ఈయన వార్సా విశ్వవిద్యాలయంలో చేరి, 1527లో జరిగిన నగర బహిష్కరణ వరకు గల వార్సా యూదుల చరిత్రపై పరిశోధించి, 1927లో డాక్టరేటు పొందాడు. ఆ గ్రంథం 1932లో వెలువడింది. కొంతకాలం బాలికల ఉన్నత పాఠశాలలో చరిత్ర బోధించాడు.

విల్నా నగరంలో 1925లో ఏర్పడిన యివో అను యూదు పరిశోధన సంస్థతో ఈయనకు సన్నిహిత సంబంధముండేది. పాత కాగితాలు, సామెతలు, పాటలు మొదలగువాటిని సామాన్య ప్రజలచేతనే సేకరింపజేయడం ఆ సంస్థ పద్ధతి. ఘెట్టోలో ఈయన చేసిన పనికి బీజం ఇక్కడే పడిందని చెప్పవచ్చును.

1938లో జర్మనీ వెళ్ళగొట్టిన వేలాది యూదులు సరిహద్దులోని జ్బోన్షిన్ పట్టణంలో చిక్కుకొనగా, ఒక సహాయ సంస్థ తరపున వెళ్ళి ఐదు వారాలు వారికి సేవ చేశాడు. 1939 ఆగస్టులో జెనీవాలో జరిగిన జియోనిస్టు మహాసభకు వెళ్ళాడు. యుద్ధం ముంచుకొస్తున్నదని తెలిసి కూడా వార్సాకే తిరిగి వచ్చాడు.

ఒనెగ్ షబాత్

1940 నవంబరులో ఘెట్టో ద్వారాలు మూసివేశారు. అదే నెలలో రింగెల్‌బ్లూమ్ కొందరు మిత్రులను కూడగట్టాడు. శనివారాలలో కలుసుకొనేవారు గనుక తమ బృందానికి ఒనెగ్ షబాత్ (విశ్రాంతిదినపు ఆనందం) అని పేరు పెట్టుకున్నారు. రబ్బీ షిమోన్ హుబెర్‌బాండ్, కార్యదర్శి హెర్ష్ వాసెర్, గంజి కేంద్రాన్ని నడిపిన రచయిత్రి రాహెల్ అవర్‌బాఖ్ మొదలైన సుమారు 60 మంది ఇందులో పనిచేశారు.

వీరు దినచర్యలు, పిల్లల వ్యాసాలు, రహస్య పత్రికలు, ఆకలిచావుల వివరాలే కాక, రేషను కార్డులు, ట్రాము టిక్కెట్లు, మిఠాయి పొట్లాల కాగితాలు కూడా భద్రపరచారు. ఆకలితో అలమటించేచోట మిఠాయి కాగితమెందుకని మనకు తోచవచ్చు. కాని చంపేవారు వ్రాసిన కాగితాలు మాత్రమే మిగిలితే చరిత్ర కూడా వారిదే అవుతుందని ఈయన గ్రహించాడు. అందుచేత తమవారి మంచిని మాత్రమే గాక, యూదు పోలీసుల దౌష్ట్యాన్ని, లంచగొండితనాన్ని కూడా దాచకుండా వ్రాయించాడు.

1942 మొదట్లో ఖెల్మ్నో మృత్యుశిబిరం నుండి తప్పించుకొని వచ్చిన ఒక యువకుని వాఙ్మూలాన్ని హెర్ష్ వాసెర్ నమోదు చేశాడు. అక్కడ విషవాయువుతో జరుగుతున్న హత్యల సమాచారం పోలిష్ రహస్యోద్యమం ద్వారా లండను చేరింది. ఆ జూన్ నెలలో బి.బి.సి. పోలండు యూదుల హత్యాకాండను గురించి ప్రసారం చేసినపుడు తమ శ్రమ వృథా కాలేదని ఈయన సంతోషించాడు. అయితే మరుసటి నెల 22న ట్రెబ్లింకా మృత్యుశిబిరానికి తరలింపులు మొదలయ్యాయి. సెప్టెంబరు ముగియకముందే రెండున్నర లక్షలకు పైగా జనాన్ని తీసుకొనిపోయారు.

తరలింపులు జరుగుతుండగానే, ఆగస్టు ఆరంభంలో, ఉపాధ్యాయుడైన ఇజ్రాయెల్ లిఖ్టెన్‌స్టయిన్ తన ఇద్దరు పూర్వ విద్యార్థులతో కలిసి 10 రేకుపెట్టెలను నొవొలిప్కీ వీధిలోని ఒక పాఠశాల నేలమాళిగలో పాతిపెట్టాడు. తన భార్యను, చిత్రకారిణి గేలా సెక్ష్టయిన్‌ను, పసికూన మార్గలిత్‌ను లోకం గుర్తుంచుకోవాలని కోరుతూ వ్రాసిన కాగితాన్ని కూడా అందులో చేర్చాడు. 1943 ఫిబ్రవరిలో మరికొన్ని పత్రాలను రెండు పాల క్యాన్లలో ఉంచి అక్కడే పాతారు.

మరణము

1943 ఆరంభంలో రింగెల్‌బ్లూమ్ భార్య యెహూదిత్, కుమారుడు ఊరీలతో ఘెట్టో వెలుపలకు చేరాడు. కాని ఏప్రిల్‌లో తిరిగి లోనికి వెళ్ళినపుడు తిరుగుబాటు చెలరేగింది. పట్టుబడి త్రావ్నికీ శ్రమ శిబిరానికి చేరాడు. అక్కడి నుండి ఒక పోలిష్ రైల్వే ఉద్యోగి, ఒక యూదు యువతి ఈయనను తప్పించారు. తరువాత గ్రుయెట్స్‌కా వీధిలో మియెచిస్వావ్ వోల్‌స్కీ అను తోటమాలి నేలక్రింద త్రవ్విన గదిలో, సుమారు 40 మంది నడుమ కుటుంబంతో దాగి ఉండి, యుద్ధకాలపు పోలిష్-యూదు సంబంధాలపై పోలిష్ భాషలో ఒక గ్రంథం వ్రాశాడు.

1944 మార్చి 7న ఆ స్థావరం బయటపడింది. కొద్ది రోజులలోనే రింగెల్‌బ్లూమ్‌ను, భార్యను, కుమారుని చంపివేశారు. ఆశ్రయమిచ్చిన వోల్‌స్కీని, అతని మేనల్లుని కూడా చంపారు. పావియాక్ జైలులో ఈయనను రక్షించుటకు తోటి ఖైదీలు ప్రయత్నించారని, భార్యాబిడ్డలను వదలి రానన్నాడని ఆ జైలులో ఉండి బ్రతికిన ఒకరు తరువాత వ్రాశారు.

పత్రముల వెలికితీత

బృందంలో మిగిలినవారు అవర్‌బాఖ్, వాసెర్, వాసెర్ భార్య బ్లూమా మాత్రమే. అవర్‌బాఖ్ పట్టుబట్టి అన్వేషణకు ఒప్పించగా, నగరమంతా శిథిలమై వీధుల ఆనవాళ్ళు కూడా లేని స్థితిలో, 1946 సెప్టెంబరు 18న రేకుపెట్టెలు దొరికాయి. వాటిలో నీరు చేరి చాలా కాగితాలు తడిసిపోయాయి. పాల క్యాన్లు 1950 డిసెంబరు 1న బయటపడ్డాయి. వాటిలోని పత్రాలు మెరుగైన స్థితిలో ఉన్నాయి. మొత్తం సుమారు 35,000 పుటలు గల ఈ సేకరణ వార్సాలోని యూదు చారిత్రక సంస్థలో భద్రపరచబడి ఉన్నది. ఈ సంస్థకు నేడు రింగెల్‌బ్లూమ్ పేరే ఉన్నది. 1999లో యునెస్కో ఈ పత్రాలను ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. 1943 ఏప్రిల్‌లో ష్వియెంతొయెర్‌స్కా వీధిలో పాతినట్లు చెప్పబడే మూడవ భాగం కోసం వెదికినప్పటికీ, అది ఇంతవరకు లభించలేదు.