విప్పి బిగించి నేర్చిన విద్య: పాత మోటారు సైకిలుతో మొదలైన జి.డి.నాయుడు జీవితం

చిత్తూరు: జిల్లాలో ఏ మోటారు రివైండింగు దుకాణానికి వెళ్లినా కోయంబత్తూరు పేరున్న పంపుసెట్టు ఒకటైనా కనిపిస్తుంది. బోరుబావి మోటారంటే ఆ ఊరిదే అన్నంతగా రైతుల నోళ్లలో నానిన నగరమది. దేశీయంగా తొలి విద్యుత్ మోటారు 1937లో అక్కడే తయారైంది. దాని వెనుక ఉన్న ఇద్దరిలో ఒకరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. జి.డి.నాయుడుగా సుప్రసిద్ధులు. బడి చదువు ప్రాథమిక తరగతులు దాటని ఈ తెలుగింటి బిడ్డకు యంత్రవిద్య నేర్పిన తొలి గురువు ఒక పాత మోటారు సైకిలు.

విజయనగర, నాయక రాజుల కాలంలో తమిళదేశానికి తరలివెళ్లి కొంగునాట స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం వారి వాడుక. కోయంబత్తూరుకు సమీపంలోని కలంగల్ గ్రామంలో అటువంటి రైతు కుటుంబంలో 1893 మార్చి 23న నాయుడు జన్మించారు. చిన్ననాడే తల్లిని కోల్పోయారు. బడి ఆయనకు ఏనాడూ రుచించలేదు. తనకు నచ్చినది మాత్రమే చదివేవారు, నచ్చనిది ఎవరు చెప్పినా వినేవారు కారు. పల్లెలో అందరూ పనికిరాని పిల్లవాడిగానే లెక్కగట్టారు.

దారిలో ఆగిన బండి

ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన ఘట్టం గురించి కొంగునాట ఇప్పటికీ చెప్పుకొంటారు. గ్రామానికి వచ్చిన ఒక బ్రిటిష్ రెవెన్యూ అధికారి మోటారు సైకిలు దారిలో మొరాయించింది. అధికారి కిరసనాయిలు, గుడ్డపీలికలు తెప్పించుకొని, భాగాలను విప్పి శుభ్రపరచి, తిరిగి బిగించి బండిని నడుపుకొంటూ వెళ్లిపోయారు. పక్కన నిలబడి చూసిన యువకుడికి ఆ తర్వాత పొలం పని మీద మనసు నిలవలేదు. ఎద్దులు లేకుండా కదిలిన బండి అప్పట్లో ఎవరికైనా వింతే. అయితే బండి పరుగుకన్నా, ఆగిపోయిన బండి మనిషి చేతిలో మళ్లీ ప్రాణం పోసుకోవడమే ఆ యువకుడిని ఎక్కువగా ఆకర్షించింది. ఆయన తర్వాతి జీవితమంతా చూస్తే ఇలా అనుకోక తప్పదు.

ఆ బండి ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో తయారైన రడ్జ్. దాన్ని కొనాలన్న ఒక్క కోరికతో నాయుడు కోయంబత్తూరు చేరి హోటలులో సర్వరుగా కుదిరారు. ఇడ్లీలు, కాఫీలు అందిస్తూ సంవత్సరాల తరబడి అణా అణా కూడబెట్టారు. చివరకు మూడు నాలుగు వందల రూపాయలు సమకూర్చుకొని ఆ అధికారి వద్దనే పాత బండిని కొన్నారు. అప్పట్లో అది ఒక చిన్న రైతు కుటుంబం గడపగలిగినంత సొమ్ము. కొన్నవాడు బండెక్కి ఊరేగుతాడని ఎవరైనా అనుకొంటారు. నాయుడు మాత్రం మొదట దాన్ని పూర్తిగా విప్పేశారు.

ఆ ధైర్యం ఎంతటిదో తెలియాలంటే ఆనాటి యంత్రాల తీరు కొంత తెలియాలి. రడ్జ్ సంస్థ మోటారు సైకిళ్ల తయారీ ప్రారంభించినదే 1911లో. ఒకే సిలిండరు, సుమారు 500 సీసీ ఇంజిను. ఇంజిను నుంచి వెనుక చక్రానికి శక్తిని అందించేది గొలుసు కాదు, పట్టీ. వాన పడితే అది జారిపోయేది. ఇంజినుకు నూనె దానంతటది అందేది కాదు. నడిపేవాడే ప్రయాణంలో చేతిపంపు నొక్కుతూ అందించాలి. మరిస్తే పిస్టను బిగుసుకుపోతుంది, ఎక్కువ నొక్కితే పొగ కమ్ముకొంటుంది. నిప్పురవ్వ పుట్టించే మ్యాగ్నెటోకు తడి తగిలితే బండి కదలదు. కోయంబత్తూరులో విడిభాగాల దుకాణం లేదు, అడిగి తెలుసుకొనేందుకు మరో మెకానిక్ లేడు, ఆంగ్లంలో ఉన్న పుస్తకం చదివేందుకు ఆ భాష రాదు. విరిగిన ముక్కను కమ్మరి కొలిమిలోనో, లేతు మిషను మీదనో చేయించుకోవలసిందే. ఒక్క మర తప్పు చోట బిగిస్తే సంవత్సరాల కూలి డబ్బు మట్టిపాలు. విప్పిన వరుసను గుర్తుంచుకొని, తిరగేసి బిగించుకొంటూ పోవడమే ఆయనకు తెలిసిన పద్ధతి. బండి తిరిగి నడిచింది. నాయుడు మెకానిక్ అయ్యారు.

పొల్లాచ్చి - పళని బస్సు

తర్వాతి కొన్నేళ్లు వడిదుడుకులవి. తిరుప్పూరులో పత్తి జిన్నింగు వ్యాపారం చేసి మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బాగా గడించారు. ఆ సొమ్ముతో బొంబాయి వెళ్లి పత్తి బేరంలో అంతా పోగొట్టుకొన్నారు. వట్టి చేతులతో తిరిగివచ్చిన ఆయనను ఆదుకొన్నవారు కోయంబత్తూరులోని బ్రిటిష్ పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్. ఆయన చేసిన సహాయంతో 1920లో నాయుడు ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళనిల మధ్య తానే నడిపారు. యజమాని, డ్రైవరు, మెకానిక్ ముగ్గురూ ఆయనే. పళని సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి వెళ్లే భక్తులే ఆ బస్సుకు ఆధారం.

ఆ ఒక్క బస్సు నుంచి యూనివర్సల్ మోటారు సర్వీసు ఎదిగింది. యూఎంఎస్ అన్న మూడక్షరాలు కొంగునాట ఇంటింటా తెలిసిన పేరయ్యాయి. దేశంలోని ఉత్తమ ప్రైవేటు బస్సు సంస్థల్లో ఒకటిగా దాన్ని పేర్కొనేవారు. బస్సులు సమయానికి బయలుదేరాలంటే షెడ్డులో మరమ్మతు సమయానికి ముగియాలి. మెకానిక్‌గా మొదలైన యజమానికి ఈ సంగతి మరొకరు చెప్పనక్కరలేదు.

చేతిలో ధనం చేరాక నాయుడు దృష్టి బస్సులకే పరిమితం కాలేదు. పీలమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నెలకొల్పారు. డి.బాలసుందరంతో కలిసి 1937లో విద్యుత్ మోటారును వెలువరించింది ఇక్కడి నుంచే. బ్యాటరీతో తిరిగే చిన్న మోటారు అమర్చిన రేజరును రసాంత్ అన్న పేరుతో తయారుచేశారు. 1941లో ఐదు వాల్వుల రేడియోను కేవలం 70 రూపాయలకు అందించగలనని ప్రకటించారు. కిరసనాయిలుతో నడిచే ఫ్యాను, పండ్లరసం తీసే యంత్రం, మోసానికి తావివ్వని ఓటింగు యంత్రం ఆయన రూపకల్పనల్లో మరికొన్ని. 1936 జనవరిలో లండనులో జరిగిన ఐదో జార్జి అంత్యక్రియలను స్వయంగా చలనచిత్రంగా తీశారు. అదే సంవత్సరం ఎన్నికల్లో పోటీచేసి ఓడిపోయారు. ఆయన వ్యవసాయ క్షేత్రంలో పెంచిన పత్తి, బొప్పాయి రకాలను చూడటానికి సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి ఉద్దండులు వచ్చారు. పత్రికలు ఆయనకు భారతదేశపు ఎడిసన్ అని బిరుదు తగిలించాయి. ఆ బిరుదు ఘనమైనదే గాని, దాని వెలుగులో అసలు మనిషి కొంత మరుగున పడ్డాడనిపిస్తుంది. ఎదుటివారి యంత్రాన్ని విప్పి, అందులో అనవసరమైనదేమిటో కనిపెట్టి, తక్కువ ఖర్చులో తిరిగి కట్టడమే ఆయన ప్రత్యేకత. అది మెకానిక్ బుద్ధి.

రెండేళ్లు చాలన్న ప్రిన్సిపాలు

ఈ బుద్ధికీ, ప్రభుత్వ పద్ధతులకూ రెండుసార్లు గట్టిగా ఘర్షణ జరిగింది.

మొదటిది చదువు విషయంలో. 1944లో రవాణా వ్యాపారపు క్రియాశీల బాధ్యతల నుంచి వైదొలగిన నాయుడు, సాంకేతిక విద్యకు విరాళాలు ప్రకటించారు. మన జిల్లా కూడా అంతర్భాగంగా ఉన్న నాటి మద్రాసు రాష్ట్రానికి గవర్నరు సర్ ఆర్థర్ హోప్. ఆయన పేరిట కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజినీరింగు కళాశాల వెలిశాయి. 1945లో ఆ కళాశాలకు ప్రిన్సిపాలు నాయుడే. ప్రాథమిక తరగతులు దాటని వ్యక్తి ఇంజినీరింగు కళాశాలకు అధిపతి కావడం విశేషమే. నాలుగేళ్ల చదువు కాలహరణమని, పని చేయిస్తూ నేర్పితే రెండేళ్లు చాలునని ఆయన పట్టుబట్టారు. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేశారు. ఆయన వాదన అంతా సబబేనని చెప్పలేం. వంతెన కట్టేవాడికి గణితం తప్పనిసరి, దాన్ని తొందరపెట్టి నేర్పలేరు. కాని నాలుగేళ్లు చదివి మోటారు మూత విప్పని పట్టభద్రులను చూస్తున్నప్పుడు ఆయన కోపం అర్థమవుతుంది. ఆ సంస్థే నేడు కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల.

రెండోది స్వాతంత్ర్యం వచ్చాక. 1952లో ఇద్దరు కూర్చొనే పెట్రోలు కారును ఆయన రూపొందించారు. ధర రెండు వేల రూపాయలు. పరిశ్రమలకు లైసెన్సు నిబంధనలు బిగుసుకొన్న కాలమది. తయారీకి ప్రభుత్వం అనుమతి నిరాకరించడంతో కారు అక్కడితో ఆగిపోయింది. సామాన్యుడి కారు పేరిట లక్ష రూపాయల నానోను టాటా సంస్థ ప్రదర్శించినది 2008లో. నడుమ 56 ఏళ్లు గడిచాయి. ఆనాడు లైసెన్సు దక్కి ఉంటే బజారులో నిలిచేదా లేదా అన్నది వేరే మాట. పరీక్షకు నిలిచే అవకాశమే ఆ కారుకు రాలేదు.

నాయుడు ఆ తర్వాత కొత్త కార్ల జోలికి వెళ్లలేదు గాని, యంత్రాలను జనానికి చూపించాలన్న తపన వదలలేదు. 1967లో కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనశాలను స్థాపించారు. 1974 జనవరి 4న కన్నుమూశారు.

పాత వాహనాలను భద్రపరిచే అలవాటు ఆ కుటుంబంలో కొనసాగింది. సేకరించిన విదేశీ కార్లతో 2015లో కోయంబత్తూరులో జీడీ కార్ల మ్యూజియాన్ని ప్రారంభించారు. ఇటువంటి బండ్లను సాకడం నేటికీ తేలిక పని కాదు. రబ్బరు ఎండిపోతుంది, పెట్రోలు ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, కార్బ్యురేటరు రంధ్రాలు పూడుకుపోతాయి. నడపకుండా నిలబెడితే బండి మరింత త్వరగా చెడుతుంది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని వాహనాలకు వీఏ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషను ఇచ్చేలా కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. తాతల నాటి బుల్లెట్‌నో, అంబాసిడర్‌నో షెడ్డులో దాచుకొన్న మన జిల్లావాసులకు ఇది పనికివచ్చే సమాచారం. తొలిసారి రుసుము 20 వేల రూపాయలుగా, గడువు పదేళ్లుగా నిర్ణయించారు. ఇలా నమోదైన బండిని రోజువారీ అవసరాలకు వాడరాదు.

కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద నిర్మించిన 10.1 కిలోమీటర్ల పైవంతెనకు 2025 అక్టోబరులో జి.డి.నాయుడు పేరు పెట్టారు. కార్ల మ్యూజియం కూడా ఆ రోడ్డులోనే ఉంది. చిత్తూరు నుంచి వెళ్లదలచినవారు కాట్పాడి చేరితే కోయంబత్తూరుకు రైళ్లు దొరుకుతాయి.