స్ఫటికాలు ఏరిన మనిషి – లూయీ పాశ్చర్

ఈ సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాయమని పెద్దలు కోరినప్పుడు మాకు మొదట తట్టిన పేరు లూయీ పాశ్చర్. కుక్కకాటు ఇంజెక్షను కనిపెట్టినవాడని, పాలు కాచి చల్లార్చే పద్ధతి చెప్పినవాడని ఆయన్ను అందరూ ఎరుగుదురు. కాని అంతకు చాలా ముందు, ఇరవై అయిదేళ్ళ కుర్రతనంలో, ఆయన చేసిన మొదటి పెద్ద పని మన పిల్లలు బడి ల్యాబులో చేసే చిన్న ప్రయోగానికి సొంత అన్నలాంటిది. ఆ ప్రయోగం స్ఫటికీకరణం. మేము ఉర్దూ మీడియం పంతుళ్ళం గనుక మా పిల్లలకు దాన్ని ఖల్మావ్ అని చెబుతాము. స్ఫటికాన్ని ఉర్దూలో ఖలమ్ అంటారు. వ్రాసుకునే కలమూ అదే మాట. మా తెలుగులో తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ముందుగా ఆ ప్రయోగం ఏమిటో రెండు మాటలు. బజారులో దొరికే మైలుతుత్తంలో మట్టీ, వేరే లవణాలూ కలిసి ఉంటాయి. దాన్ని వేడినీళ్ళలో కరిగిస్తాము. నీటితో చర్య జరిగి అది విరిగిపోకుండా సజల గంధకామ్లం రెండు మూడు చుక్కలు వేస్తాము. వేడిమీదే వడపోత కాగితంలో వడగడితే కరగని మట్టి కాగితం మీద నిలుస్తుంది. వడిసిన నీలి ద్రావణాన్ని పింగాణీ గిన్నెలో పోసి మెల్లగా మరగబెడతాము. గాజు కడ్డీ ముంచి తీసి ఊదితే దాని కొసన పలుచని పొర కట్టాలి. అప్పుడు మంట తీసేసి, గిన్నె మీద గాజు మూత పెట్టి, కదల్చకుండా వదిలేయాలి. చల్లారేకొద్దీ నీలి స్ఫటికాలు పేరుకుంటాయి. స్ఫటికం కట్టేటప్పుడు తన జాతి కణాలనే వరుసలో చేర్చుకుంటుంది. పరాయి లవణం కొద్దిపాటిదే గనుక చాలావరకు నీటిలోనే మిగిలిపోతుంది. కిటుకంతా ఇంతే. కాని తొందరపడి గిన్నెను చన్నీళ్ళలో పెట్టామా, స్ఫటికాలకు బదులు పొడి రాలుతుంది, మలినం కూడా అందులో చిక్కుకుంటుంది. ఈ తొందర మేమూ ఒకసారి పడ్డాము. ఆ సంగతి చివర చెబుతాము.

ఇక పాశ్చర్ కథ. ఆయన 1822 డిసెంబరు 27న ఫ్రాన్సు దేశంలో డోల్ అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి నెపోలియన్ సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి, వృత్తి తోళ్ళు పదును చేయడం. తర్వాత ఆ కుటుంబం ఆర్బాయ్ అనే ఊరికి చేరింది. మనలోనూ తోళ్ళ పని చేసిన కుటుంబాలున్నాయి గనుక ఆ ఇంటి వాసన ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. పిల్లవాడు బొమ్మలు బాగా వేసేవాడు. ఇంట్లోవాళ్ళ బొమ్మలు, ఇరుగుపొరుగువాళ్ళ బొమ్మలు రంగు సుద్దలతో చూసింది చూసినట్టు దించేవాడు. ఈ చూపు ఆయనకు తర్వాత ఎలా అక్కరకు వచ్చిందో మీరే చూస్తారు. 1838లో చదువు కోసం ప్యారిస్ పంపితే ఇంటి మీద బెంగతో కొన్ని వారాలకే తిరిగి వచ్చేశాడు. తండ్రి స్వయంగా వెళ్ళి తీసుకురావలసి వచ్చింది. మన పిల్లలు హాస్టలు నుంచి ఏడుస్తూ వచ్చేస్తే మనం తిడతాము. ఆ తండ్రి తిట్టలేదు, దగ్గరలోని బెజాన్సన్ కాలేజీలో చేర్చారు.

పరీక్షల సంగతి ఇంకా విచిత్రం. సైన్సు పట్టా పరీక్ష మొదటిసారి తప్పాడు. 1842లో గట్టెక్కినప్పుడు రసాయనశాస్త్రంలో ఆయనకు వచ్చింది సామాన్యం అనే మాటే. ఆ ఏడే ప్యారిస్‌లోని ఎకోల్ నార్మల్ అనే ఉపాధ్యాయ శిక్షణ విద్యాలయంలో సీటు వచ్చింది. కాని జాబితాలో తన పేరు కిందుగా ఉందని చూసుకొని ఆ సీటు వద్దన్నాడు. ఇంకో ఏడు చదివి, మళ్ళీ పరీక్ష వ్రాసి, 1843లో ముందు వరుసలో చేరాడు. ఎవరో వేసిన ముద్రను మోసుకుంటూ కూర్చోలేదు. అలాగని ఆ ముద్ర అబద్ధమని జగడమూ ఆడలేదు. మళ్ళీ చదివాడు, అంతే.

చదువు పూర్తయ్యాక బ్రోమిన్‌ను కనిపెట్టిన బలార్ గారి ప్రయోగశాలలో సహాయకుడిగా కుదిరాడు. అక్కడ చేతపట్టిన పదార్థం టార్టారిక్ ఆమ్లం. ఇదేదో పరాయి వస్తువని అనుకోకండి. మన వంటింటి చింతపండులోని పులుపు ముఖ్యంగా ఇదే. ఫ్రాన్సులో చింతచెట్లు లేవు గనుక, ద్రాక్ష సారాయి పీపాల లోపల గట్టే పెచ్చుల నుంచి దాన్ని తీసేవారు. ఆ పీపాలలోనే అరుదుగా ఇంకో ఆమ్లం కూడా దొరికేది. దాన్ని రెసిమిక్ ఆమ్లం అన్నారు. రెండింటిలోనూ మూలకాలు ఒకటే, పాళ్ళు ఒకటే. తేడా ఒక్కటే. ఒక ప్రత్యేకమైన స్ఫటికం గుండా వెలుగును పంపితే అది ఒకే తలంలో కంపిస్తుంది. అలాంటి వెలుగు టార్టారిక్ ఆమ్లం నీళ్ళ గుండా పోతే ఆ తలం కుడివైపు తిరుగుతుంది. రెసిమిక్ ఆమ్లం గుండా పోతే ఎటూ తిరగదు. జర్మనీలో మిట్షర్లిష్ అనే పెద్ద పండితుడు ఈ రెండు ఆమ్లాల నుంచి సోడియం, అమ్మోనియా కలిపి చేసిన లవణాలను పరిశీలించి, స్ఫటికాలు రెండూ అచ్చం ఒకటేనని 1844లో ప్రకటించాడు. అంత పెద్దాయన చెప్పాక ఇక చూసేదేముందని లోకం ఊరుకుంది.

పాశ్చర్ ఊరుకోలేదు. 1848లో ఆ లవణాలను తానే కరిగించి, నెమ్మదిగా స్ఫటికాలు కట్టనిచ్చి, ఒక్కొక్కదాన్ని చేతిలోకి తీసుకొని చూశాడు. టార్టారిక్ లవణపు స్ఫటికాల అంచున ఒక పక్కకే చిన్న ఏటవాలు ముఖం కనిపించింది. వెలుగును ఒక పక్కకు తిప్పడానికి ఇదే గుర్తేమో అనుకున్నాడు. అలాగైతే ఎటూ తిప్పని రెసిమిక్ లవణానికి ఆ ముఖం ఉండకూడదు. తీరా చూస్తే దానికీ ఉంది! మొదట మనసు చివుక్కుమంది. అయినా వదలకుండా మళ్ళీ చూశాడు. కొన్నిటికి ఆ ముఖం కుడివైపు ఉంది, కొన్నిటికి ఎడమవైపు ఉంది. మన చెప్పుల జతలాగ అన్నమాట. చూడడానికి ఒకటే, కాని కుడి చెప్పు ఎడమ కాలికి పట్టదు. ఆయన చిమటా పట్టుకొని కుడివాటిని ఒక కుప్ప, ఎడమవాటిని ఒక కుప్ప చేశాడు. మన ఆడవాళ్ళు చేటలో బియ్యం ఏరినట్టే. రెండు కుప్పలనూ వేర్వేరుగా కరిగించి వెలుగు పంపితే ఒకటి కుడికి తిప్పింది, ఒకటి ఎడమకు తిప్పింది. రెండూ సమపాళ్ళలో కలిపితే ఎటూ తిప్పలేదు. చిక్కుముడి వీడింది. సంతోషం పట్టలేక గదిలోంచి పరుగెత్తి, ఎదురుపడిన తోటి ఉద్యోగిని కౌగలించుకున్నాడని చెబుతారు.

ఇందులో అదృష్టం కూడా ఉంది, దాచనక్కర్లేదు. ఆ లవణం కుడి ఎడమలుగా విడిపోయి స్ఫటికాలు కట్టేది సుమారు 27, 28 డిగ్రీల సెంటీగ్రేడ్ కంటే చల్లగా ఉన్నప్పుడే. అంతకు మించిన వేడిలో రెండూ కలిసిన ఒకే రకం స్ఫటికాలు వస్తాయి. మన హైదరాబాదు మే నెల ఎండల్లో చేస్తే ఆ కుప్పలు వచ్చేవే కావు. కాని ప్యారిస్ చల్లదనం ఒక్క పాశ్చర్ కోసమే కాదు గదా! కళ్ళు పెట్టి చూసినవాడికి అది పనికివచ్చింది.

ఈ వార్త బియో అనే వృద్ధ శాస్త్రవేత్త చెవిన పడింది. అప్పటికి ఆయన వయసు 74. ద్రవాలు వెలుగు తలాన్ని తిప్పుతాయని 1815లో కనిపెట్టింది ఆయనే. ఇరవై అయిదేళ్ళ కుర్రవాడి మాట ఊరకే నమ్మలేదు. తాను స్వయంగా పరీక్షించిన రెసిమిక్ ఆమ్లాన్ని, సోడాను, అమ్మోనియాను ఇచ్చి తన కళ్ళ ముందే లవణం చేయించారు. ఆ గిన్నెను తన దగ్గరే ఉంచుకొని నెమ్మదిగా ఆరనిచ్చారు. స్ఫటికాలు చాలినన్ని కట్టాక పాశ్చర్‌ను పిలిపించి, కుడి ఎడమలు తన ఎదుటే ఏరించారు. ఆ పైన ద్రావణాలు తామే తయారుచేసి, ముందుగా ఎడమకు తిప్పవలసినదాన్నే పరీక్షకు పెట్టారు. చూసీ చూడగానే ఎడమకు తిరిగింది. ముసలాయన కదిలిపోయి పాశ్చర్ చేయి పట్టుకున్నారు. ఆనాటి నుంచి ఆ కుర్రవాడికి తండ్రిలాగ అండగా నిలిచారు. శంకించి పరీక్షించడంలో అవమానం లేదని, పరీక్షకు నిలబడడంలోనే గౌరవముందని మా పిల్లలకు మేము ఈ ఘట్టం చెబుతుంటాము.

ఆ ఏడు మే నెలలోనే పాశ్చర్ తల్లి చనిపోయింది. సంతోషమూ దుఃఖమూ ఒకే వాకిట నిలిచాయి. 1849లో స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, అక్కడే మరీ లారెన్‌ను పెండ్లాడారు. ఆమె జీవితమంతా భర్త చెప్పింది వ్రాసిపెడుతూ, ఆయన పనిలో పాలుపంచుకుంది. 1852లో రెసిమిక్ ఆమ్లం జాడ వెదుకుతూ లైప్జిగ్, వియన్నా, ప్రాగ్ దాకా కార్ఖానాలు తిరిగారు. 1853లో మామూలు టార్టారిక్ ఆమ్లం నుంచే దాన్ని తయారుచేశారు.

స్ఫటికాల నుంచి సూక్ష్మజీవుల దగ్గరికి ఎలా వెళ్ళారని మీరు అడగవచ్చు. అది కూడా ఈ దారినే. ఒక బూజు కుడి టార్టారిక్ ఆమ్లాన్ని తినేసి ఎడమదాన్ని వదిలేయడం ఆయన చూశారు. ప్రాణమున్నది కుడి ఎడమల తేడా ఎరుగునన్నమాట. పులియడం ఉత్త రసాయన చర్య కాదు, బ్రతికున్న జీవుల పని అని ఆయన గట్టిగా నిలబడడానికి ఇదొక ఆధారం. అక్కడి నుంచి పాలు, పానీయాలు చెడకుండా మితంగా వేడిచేసే పద్ధతి, పట్టుపురుగుల రోగం, గొర్రెల దొమ్మరోగానికి టీకా, 1885 జూలైలో పిచ్చికుక్క కరిచిన 9 ఏళ్ళ జోసెఫ్ మైస్టర్‌కు టీకా, ఇలా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఈ మధ్యలోనే ముగ్గురు ఆడపిల్లలను పోగొట్టుకున్నారు. వారిలో ఇద్దరిని టైఫాయిడ్ తీసుకుపోయింది. 1868లో పక్షవాతం వచ్చి ఎడమ పక్క బలం తగ్గింది. అయినా పని మానలేదు. 1888లో ప్యారిస్‌లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. 1895 సెప్టెంబరు 28న కన్నుమూశారు. ఆయన పేరిటే 1900లో కసౌలిలోనూ, 1907లో కూనూరులోనూ సంస్థలు వచ్చి మన దేశంలో కుక్కకాటు బాధితులను కాపాడాయి.

మహనీయుల్లో మచ్చ చూపకూడదని కొందరంటారు. మేము ఒప్పుకోము. ఆయన నోటు పుస్తకాలను చాలాకాలం తర్వాత చదివిన చరిత్రకారులు, 1881లో జనం ముందు చేసిన దొమ్మరోగం ప్రయోగంలో వాడిన టీకాను ఎలా తయారుచేశారో ఆయన ఉన్నదున్నట్టు చెప్పలేదని తేల్చారు. మనిషిలోనూ మలినం ఉంటుంది. దాన్ని వడగట్టి చూస్తేనే మిగిలినదాని విలువ తెలుస్తుంది.

ఆనాటి రెండు కుప్పల ఫలం ఈనాడు మన ఇంటి మందుల డబ్బాలో ఉంది. జలుబుకు, దురదకు ఇచ్చే సెట్రిజిన్‌లో కుడి ఎడమ రూపాలు రెండూ కలిసి ఉంటాయి. లెవోసెట్రిజిన్‌లో వెలుగును ఎడమకు తిప్పే రూపం ఒక్కటే ఉంటుంది. ఆ లెవో అనే మాటకు అర్థం ఎడమ. ఈసారి మందుల షాపులో ఆ చీటీ చూసినప్పుడు పాశ్చర్ చిమటాను తలచుకోండి.

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ప్రాక్టికల్ క్లాసులో గంట కొట్టే వేళయిందని మేము గిన్నెలన్నీ చన్నీళ్ళ తొట్టిలో పెట్టించాము. అందరికీ నీలిపొడి వచ్చింది, అందరికీ మార్కులు వేశాము. ఒక్క కుర్రవాడు మాత్రం, చదువులో వెనకబడ్డవాడని మేమే పేరు పెట్టినవాడు, గిన్నెను కిటికీలో పెట్టి కదల్చనన్నాడు. ప్రయోగం పూర్తికాలేదని సగం మార్కులే ఇచ్చాము. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే ఆ గిన్నెలో వేలి గోరంత నీలి స్ఫటికాలు, అంచులు కోసినట్టు, మెరుస్తున్నాయి. పుస్తకంలో వ్రాసినట్టు చేసింది వాడొక్కడే. మార్కులు మాత్రం అప్పటికే రిజిస్టరుకెక్కాయి. వాడి ముందు మా తప్పు ఒప్పుకున్నాము గాని, ఆ అంకె దిద్దలేదు. అది ఇప్పటికీ మా మనసులో ముల్లులాగ ఉంది.

అందుకే సంఘ పెద్దలకు మా మనవి ఒకటి. స్కాలర్‌షిప్పు దరఖాస్తులు చూసేటప్పుడు మార్కుల కాగితంతోనే ఆపకండి. ఆ పిల్లవాణ్ణి, ఆ పిల్లను ఎదుట కూర్చోబెట్టి నాలుగు మాటలు అడగండి. రసాయనశాస్త్రంలో సామాన్యుడని వ్రాసిన కాగితం పాశ్చర్ చేతిలోనూ ఉండేది. చన్నీళ్ళలో పెడితే ఎవరైనా పొడిగానే రాలతారు. కాస్త ఓర్చుకొని, కదల్చకుండా, సమయమిచ్చి చూద్దాము.