వాన నీటిని చదివిన మనిషి

ఈసారి జీవితచరిత్ర శీర్షికకి కవినో పండితుణ్ణో కాకుండా ఒక రసాయన శాస్త్రవేత్తని ఎంచుకున్నాను. పేరు రాబర్ట్ ఆంగస్ స్మిత్. తెలుగు శాఖ గోడ మీద ఆయనకేం పని అని అడుగుతారేమో. మా చింతాద్రిపేట వాళ్ళకి బాగా అర్థమయ్యే కథే ఆయనది.

స్మిత్ 1817లో స్కాట్లాండులో, గ్లాస్గో దగ్గర పుట్టారు. మతబోధకుడు కావాలని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరి, పట్టా తీసుకోకుండానే బయటికి వచ్చేశారు. కొన్నాళ్ళు ఇళ్ళల్లో పిల్లలకి చదువు చెప్పారు. అలా ఒక కుటుంబం వెంట జర్మనీ వెళ్ళి, గీసెన్‌లో లీబిగ్ అనే గొప్ప శాస్త్రవేత్త దగ్గర రసాయనశాస్త్రం చదివి, 1841లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. ఆ తర్వాత మాంచెస్టర్ చేరి అక్కడే స్థిరపడ్డారు. పెళ్ళి చేసుకోలేదు.

అప్పటి మాంచెస్టర్ అంటే నూలు మిల్లులు, బొగ్గు పొగ. ఊపిరి ఆడటం లేదని అందరికీ తెలుసు, కానీ ఆ గాలిలో ఏముందో ఎవరికీ తెలీదు. గాలిని పట్టుకోవడం కష్టం కదా! స్మిత్ వాన నీళ్ళు పట్టారు. గాలిలో ఉన్నదాన్ని వాన కడిగి కిందకి తెస్తుంది కాబట్టి ఆ నీళ్ళని పరీక్షిస్తే గాలి సంగతి తెలిసిపోతుందని ఆయన లెక్క. ఊరికి దూరంగా పొలాల్లో, ఊరి శివార్లలో, ఊరి నడుమ పడిన వానని పోల్చి 1852లో ఒక వ్యాసం ప్రకటించారు. పొలాల్లో ఆమ్లం లేదు. ఊరి మధ్యకి వచ్చేసరికి వానలో గంధకామ్లం ఉంది. అద్దకం బట్టల రంగు వెలిసిపోవడానికీ, ఇనుము తుప్పు పట్టడానికీ ఇదే కారణమని చెప్పారు.

ఇక్కడే నాకు మా పేట గుర్తొచ్చింది. 1734 ప్రాంతంలో కంపెనీవాళ్ళు కూవం ఒడ్డున నేతవాళ్ళనీ, అద్దకంవాళ్ళనీ, బట్టలు ఉతికేవాళ్ళనీ తెచ్చి కాపురం పెట్టించిన చోటు ఇది. తమిళంలో తఱి అంటే మగ్గం. చిన్న తఱి పేటే చింతాద్రిపేట అయిందని చెబుతారు. బట్ట రంగు పోతే ఎంత నష్టమో ఇలాంటి పేటకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో ఉప్పు నుంచి సోడా తయారుచేసే కార్ఖానాలు హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిని వదిలి చుట్టుపక్కల చెట్లని మాడ్చేసేవి. అందులో నూటికి 95 వంతులు పట్టి ఆపాలని 1863లో ఇంగ్లండులో చట్టం వచ్చింది. దాన్ని అమలు చేసే మొదటి ఇన్‌స్పెక్టరు స్మిత్. యజమానుల్ని కోర్టుకీడ్చడం కన్నా దగ్గరుండి నేర్పడమే మేలని నమ్మారు. మెతక మనిషని విమర్శలూ పడ్డారు. నాకైతే ఆ విమర్శలో కొంత న్యాయం ఉందనిపిస్తుంది. కానీ ఆ చట్టం బొగ్గు పొగ జోలికే పోలేదు. చేతిలో అధికారం లేని చోట ఆయన చేయగలిగింది కొలిచి రాసి పెట్టడమే. 1872లో గాలి, వాన గురించి పెద్ద పుస్తకం రాశారు. ఆమ్ల వర్షం అనే పేరు అందులోంచే వచ్చింది. 1884లో, ఇన్‌స్పెక్టరుగా ఉండగానే కన్నుమూశారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ పుస్తకాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1960లలో స్వీడన్, నార్వేల్లో చేపలు చచ్చిపోతుంటే మళ్ళీ ఆ ఆలోచనే పనికొచ్చింది. అక్కడ వానతోపాటు మంచు కూడా సాక్ష్యం చెప్పింది. వాన పడి పారిపోతుంది, మంచు మాత్రం చలికాలమంతా పొర మీద పొరగా నిలిచి గాలిలోని ఆమ్లాన్నీ మసినీ దాచుకుంటుంది. వసంతంలో కరిగేటప్పుడు ముందు వచ్చే నీళ్ళలోనే ఆమ్లం ఎక్కువ, అది ఒక్కసారిగా వాగుల్లో కలుస్తుంది. గ్రీన్‌లాండ్ మంచు పొరల్లో ప్యాటర్సన్ బృందం సీసం లెక్క తీస్తే, అది ఏయే కాలాల్లో పెరుగుతూ వచ్చిందో బయటపడింది. పెట్రోల్లో సీసం కలపడం మన దేశంలో ఆగింది 2000లో.

మనకి మంచు పడదు. భోగినాడు పాత టైర్లు, ప్లాస్టిక్ కాలిస్తే మద్రాసులో విమానాలు ఆలస్యమయ్యేంత పొగ కమ్మిన ఏళ్ళున్నాయి. మధ్యాహ్నానికి ఆ పొగ కనిపించదు, మనమూ మర్చిపోతాం. కనిపించనిది పోయినట్టు కాదు, ఎక్కడో దిగే ఉంటుంది. స్మిత్ జీవితమంతా చూపించింది ఇదే. ఈసారి భోగి మంటలో ఏది వేయాలో, ఏది వేయకూడదో ఇంట్లో మనమే చెబుదాం.