ఆమోస్ అలోంజో స్టాగుగారి చరిత్రము

మన బాలురు సాయంకాలములయందు ఆడుకొను ఫుట్‌బాలు ఆటకును, అమెరికాదేశపు కళాశాలలలో ఆడు ఫుట్‌బాలు ఆటకును పేరొక్కటియే సమానము. అచ్చటి బంతి కోడిగ్రుడ్డువలె కోలగానుండును. దానిని చంకనిడుకొని పరుగెత్తవచ్చును. ఎదుటి పక్షమువారు వానిని పట్టి నేల పడవేయవచ్చును. పక్షమునకు పదునొకండుగురు. బంతి చేజిక్కినవారు నాలుగు యత్నములలో పది గజములు ముందునకు సాగవలెను. సాగలేనిచో బంతి పరపక్షమునకు పోవును. ఆ పది గజములను సంపాదించు ఉపాయములు చింతించుచు సుమారు డెబ్బదియేండ్లు గడపిన వారొకరు గలరు. వారే స్టాగుగారు.

వీరు 1862 వ సంవత్సరము ఆగస్టు 16 వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రమందలి వెస్టు ఆరెంజి అను ఊర, చెప్పులు కుట్టి జీవించు ఒక పేదవాని యింట జన్మించిరి. చిల్లరపనులు చేయుచు చదువుకొనవలసి వచ్చినందున ఇరువదియైదేండ్ల ప్రాయమునగాని, అనగా 1888 లో గాని, యేల్ విశ్వవిద్యాలయమందు వారికి పట్టము లభింపలేదు. అచ్చట బేస్‌బాలు ఆటలో బంతి విసరువారిగా మిక్కిలి పేరుగాంచిరి. కూలికాడు జట్లవారు వేలకొలది డాలర్లు ఇచ్చెదమని పిలిచినను, ఆ క్రీడాస్థలములలో మద్యము విక్రయింతురను కారణముచేత పోనొల్లరైరి. బోధకుడు కావలెనని వారి కోరిక. అందులకై దైవశాస్త్రమును చదివిరి గాని, సభలో మాటలాడుట తమవలన కాదని తెలిసికొని, ప్రసంగపీఠమునకు బదులు ఆటస్థలమునే తమ సేవాస్థలముగా నెంచుకొనిరి.

1890 లో మసాచుసెట్సు రాష్ట్రమందు స్ప్రింగుఫీల్డు పట్టణముననున్న వై. ఎం. సి. ఏ. శిక్షణాలయమునకు వచ్చిరి. వారి ఫుట్‌బాలు జట్టులో జేమ్సు నైస్మిత్తుగారును ఆడిరి. ఈ నైస్మిత్తుగారే 1891 డిశెంబరులో బాస్కెటుబాలు ఆటను కల్పించినవారు. మరుసటి మార్చి నెలలో జనసమక్షమున మొదటిసారిగా జరిగిన పందెములో విద్యార్థులు ఉపాధ్యాయులను 5-1 గా ఓడించిరి. ఉపాధ్యాయుల పక్షమున ఆ ఒక్కటి సంపాదించినది స్టాగుగారు. చెన్నపట్టణములో 1920 లో వై. ఎం. సి. ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించిన హారీ క్రో బక్కుగారును ఆ స్ప్రింగుఫీల్డు విద్యార్థియే. మన డ్రిల్లుమాస్టర్లలో పలువురు ఆ చెన్నపట్టణపు కళాశాలలో చదివినవారగుటచే ఈ సంగతి మనకును కొంత సంబంధించినదే.

1892 లో షికాగో విశ్వవిద్యాలయము తెరువబడెను. దాని మొదటి అధ్యక్షుడగు విలియం రెయినీ హార్పరుగారు యేల్‌లో స్టాగుగారికి బోధించిన పండితుడు. ఆయన తన పూర్వశిష్యుని పిలిపించి, ఆటలు నేర్పువానికి తక్కిన ఆచార్యులతో సమానమైన స్థిరోద్యోగము నిచ్చెను. ఇట్టి గౌరవము అంతకుముందు ఆ దేశమున కానరాదు. మొదటి సంవత్సరము ఆటగాండ్రు చాలనందున గురువుగారే శిష్యులతోకూడ బరిలో దిగి ఆడిరి!

ఆ కాలపు ఆట మోటుది. పలువురు ఒకరినొకరు అంటుకొని గుంపుగా పైబడి త్రొక్కుకొనుచు పోవుటయే యుద్ధనీతి. 1905 లో ఎన్నో ప్రాణములు పోయినందున అధ్యక్షుడగు రూజువెల్టుగారు కళాశాలల పెద్దలను తన భవనమునకు పిలిపించి ఆటను సంస్కరింపుడని హెచ్చరించెను. 1906 నుండి బంతిని ముందునకు విసరుటకు నియమములు అనుమతించినవి. స్టాగుగారికి ఇది వరమాయెను. బలముకంటె నేర్పును, నేర్పుకంటె మోసపుచ్చు నడకను వారు మెచ్చుకొనిరి. బంతి ఒకవైపు పోవుచున్నట్లు చూపి రెండవవైపునకు మరలించుట, బంతి కదలకముందే ఒక ఆటగాడు ప్రక్కకు నడచి ఎదుటివారి దృష్టిని లాగుట మొదలగు పన్నుగడలను వ్యాపింపజేసినవారిలో వీరు ముఖ్యులు. శిష్యులకు చుట్టిన పరుపును వ్రేలాడగట్టి దానిమీద పడి పట్టుట నేర్పెడివారు.

1905 నవంబరు 30 వ తేదీన మిషిగను జట్టుతో జరిగిన పందెము నేటికిని చెప్పుకొనబడుచున్నది. మిషిగనువారు 1901 మొదలు 56 పందెములలో ఓటమి నెరుగరు. ఆనాడు షికాగో విద్యార్థియగు వాల్టరు ఎకర్సాలు కాలితో బంతిని దూరముగా తన్ని వారిని వెనుకకు నెట్టుచువచ్చెను. కడపట మిషిగను బాలుడొకడు బంతితో తన గీతకు వెనుకనే నేలగూలెను. అందువలన షికాగోకు రెండు అంకములు వచ్చెను. పందెము 2-0.

ఈ ఎకర్సాలువంటి బాలురు ఎట్లు లభించిరి? ఇచ్చట చరిత్రకారుడు మొగమోటపడరాదు. 1902 మొదలు స్టాగుగారు హైస్కూలు విద్యార్థులకు పరుగుపందెములు పెట్టి, నలుదెసలనుండి చురుకైన పిల్లలను రప్పించి, తమ విశ్వవిద్యాలయపు వైభవమును చూపుచుండిరి. ఎకర్సాలుకొరకు మిషిగను శిక్షకుడగు యోస్టుగారికిని వీరికిని పోటీ జరిగెను. ఆ బాలుడు ఆటలో మెరసెను గాని పట్టము పొందకుండగనే విద్యాలయమును విడిచెను. మద్యమునకు విముఖుడై, గాడిదయని పిలుచుటకంటె కఠినమైన తిట్టెరుగని ఈ గురువు, బాలుని చదువు విషయములో ఇంకను శ్రద్ధ వహించియుండవలసినదని నా యభిప్రాయము.

కాలచక్రము తిరిగెను. ఒహాయోలో 1922 లోను, ఇల్లినాయిలో 1923 లోను, మిషిగనులో 1927 లోను గొప్ప క్రీడాభవనములు లేచినవి. ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయములలో విద్యార్థులు అనేక సహస్రములు. వ్యాయామవిద్యయే చదువుగా తీసికొనుటకు వీలుండెను. షికాగోలో చదువు కఠినము, విద్యార్థులు కొలదిమంది. ఒకప్పుడు స్టాగుగారు పిలిచిన పరువు పిల్లలను ఇప్పుడు ఇరుగుపొరుగువారు పిలుచుకొనిపోవుచుండిరి.

చేతనున్న కొద్దిమందితో ఏమి చేయవచ్చునో 1924 నవంబరులో చూపిరి. ఇల్లినాయి జట్టులో గ్రేంజి అనువాడు ఆ యేటనే మిషిగనుపై పండ్రెండు నిమిషములలో నాలుగుమార్లు గీత దాటిన వాయువేగి. అతనిని పట్టుట దుర్లభము. బంతి అతనికి చిక్కకుండ చేసినచో? స్టాగుగారు విసరుటలు, మాయలు అన్నియు కట్టిపెట్టి, గజము రెండు గజములుగా నడుమనుండి త్రోసికొనుచు బంతిని తమయొద్దనే నిలుపుకొనిరి. షికాగో మొదట ముందంజ వేసెను. గ్రేంజి తన వంతు దొరకినప్పుడెల్ల విజృంభింపగా కడకు 21-21 సరిసమానమాయెను. ఆ యేటి సమాఖ్య ప్రథమస్థానము షికాగోకే దక్కెను. అదియే వారికి ఏడవది, కడపటిది.

1929 లో ముప్పదియేండ్ల హచిన్సుగారు అధ్యక్షుడాయెను. 1931 లో చదువును సమగ్రపరీక్షలతో క్రొత్తగా దిద్దిరి. ఆటగాండ్రకు అది మరియొక అడ్డుగోడ. 1932 తో స్టాగుగారికి డెబ్బదియేండ్లు నిండినందున విరమింపవలసినదనిరి. వేరొక పదవి చూపినను వారంగీకరింపక, కాలిఫోర్నియాలో స్టాక్టను పట్టణమందలి పసిఫిక్ కళాశాల అను చిన్న విద్యాలయమునకు 1933 లో పోయిరి.

1938 లో ఆ చిన్న కళాశాల బాలురతో షికాగోకు తిరిగివచ్చిరి. ఆటస్థలముపేరు స్టాగుఫీల్డు. ఆ పేరుగల వృద్ధుడు, డెబ్బదియారేండ్లవాడు, పరపక్షపు బల్లమీద కూర్చుండెను. పసిఫిక్‌వారు 32-0 గా గెలిచిరి. తాను నలువదియొక్క సంవత్సరములు పెంచిన జట్టు తన కన్నులయెదుట తన చేతనే ఓడుట చూచి ఆయన మనస్సెట్లుండెనో పాఠకులే యూహింపవలెను. మరుసటి యేట మిషిగనువారు షికాగోను 85-0 గా ఓడించిరి. 1939 డిశెంబరులో విశ్వవిద్యాలయ పాలకులు ఆ ఆటనే మానిపించిరి. 1942 డిశెంబరులో ఆ స్టాగుఫీల్డు మెట్లక్రింది గదిలోనే మొదటి అణుశక్తి శృంఖలాప్రక్రియ సాగింపబడెను.

1943 లో స్టాగుగారికి ఎనుబదియొక్క యేండ్లు. యుద్ధకాలమగుటచే నౌకాసైన్యమువారు తమ శిక్షణార్థులను పసిఫిక్‌కు పంపగా, ఎవరిని పిలువకయే మంచి ఆటగాండ్రు లభించిరి. గొప్ప జట్లను గెలిచి ఆ యేటి శ్రేష్ఠ శిక్షకుడను బిరుదము పొందిరి. 1946 తో అచ్చట విరమించి, 1947 మొదలు 1952 వరకు పెన్సిల్వేనియాలో కుమారునికి తోడ్పడి, భార్య స్టెల్లాగారి అనారోగ్యముచే స్టాక్టనుకు మరలి, అచ్చటి చిన్న కళాశాల బాలురకు బంతి తన్నుట నేర్పుచు 1960 లో తొంబదియెనిమిదవ యేట పని చాలించిరి. 1965 మార్చి 17 వ తేదీన నూట రెండేండ్ల వయస్సున మరణించిరి. వారి 314 విజయములు 1981 వరకు ఎవరికిని అందలేదు.

షికాగోలో ఆట 1969 లో మరల ఆరంభమాయెను. ఆటకొరకై విద్యార్థివేతన మీయని కళాశాలల శ్రేణిలో ఆ జట్టు ఆడుచున్నది. ఆ శ్రేణి అంతిమపందెమునకు 1973 నుండి స్టాగుగారి పేరే పెట్టియున్నారు.