నోటి మాటకు బడిలో చోటు: గిడుగు రామమూర్తి పంతులు గారి జీవితం

నేను సైన్సు విద్యార్థిని. భాష గురించి రాయడానికి నీకేం అధికారం ఉందని మన తెలుగు శాఖ మిత్రులు అడిగితే అడగవచ్చు. అయినా ఈ వార్షిక సంచికకి గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి గురించే రాయాలనుకున్నాను. ఎందుకంటే ఆయన కావ్యాలు రాసిన కవి కారు, బిరుదులు మోసిన ఆస్థాన పండితులూ కారు. చరిత్ర పాఠాలు చెప్పుకున్న ఒక బడిపంతులు. పుస్తకంలో ఉన్న మాట ఎదురుగా కూర్చున్న పిల్లవాడికి అర్థమవుతోందా, లేదా అన్న ప్రశ్న పట్టుకుని ముప్పై ఏళ్ళకు పైగా పోరాడిన మనిషి. వ్యవసాయ కుటుంబం నుంచి కాలేజీకి వచ్చిన నాబోటి వాళ్ళకి ఆ ప్రశ్న ఇంకా తీరలేదు.

పంతులు గారు 1863 ఆగస్టు 29వ తేదీన పర్వతాలపేట అనే గ్రామంలో పుట్టారు. శ్రీకాకుళానికి ఉత్తరంగా, వంశధార ఒడ్డున, ముఖలింగ క్షేత్రానికి దగ్గర్లో ఉంది ఆ ఊరు. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూలో చిన్న ఉద్యోగి. 1875లో ఆయనకి చోడవరం బదిలీ అయింది. అక్కడే జ్వరంతో కన్నుమూశారు. పన్నెండేళ్ళ కుర్రవాడు బంధువుల నీడన పెరిగి, విజయనగరం మహారాజా వారి పాఠశాలలో చదువుకోవలసి వచ్చింది. ఆ బడిలో ఆయన సహాధ్యాయి ఎవరో కాదు, తరువాత కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావు గారు. తెలుగు వచనం దారి మార్చిన ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారన్నమాట.

1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. మరుసటి ఏడు పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో నెలకి ముప్పై రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడుగా చేరారు. అప్పటికి ఆయన వయసు మన ఇంటర్మీడియట్ కుర్రాళ్ళ వయసే. సంసారం ఈదుకుంటూ, పగలు పాఠాలు చెప్పుకుంటూ, ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పూర్తి చేశారు. మెట్రిక్ నుంచి డిగ్రీకి పదిహేడేళ్ళు పట్టింది. స్కూలు కాలేజీ అయ్యాక కాలేజీ తరగతులకీ ఆయనే పాఠాలు చెప్పారు. 1911లో ఉద్యోగం నుంచి విరమించారు.

ఈ ముప్పై ఏళ్ళలో ఆయన చేసిన ఒక పని మనలో చాలామందికి తెలియదు. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ళ భాషకి తెలుగుతో చుట్టరికం లేదు. మనది ద్రావిడ భాష, వాళ్ళది ముండా భాషల్లో ఒకటి. అప్పట్లో ఆ భాషకి లిపి లేదు. నేర్చుకుందామన్నా పుస్తకం లేదు. కొండల్లో ఉన్న పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు తాను వాళ్ళ భాష నేర్చుకోవాలని పంతులు గారికి తోచింది. తెలుగు వచ్చిన సవర ఒకర్ని ఇంట్లోనే పెట్టుకుని, అతను పలికిన మాట పలికినట్టు రాసుకుంటూ నేర్చుకున్నారు. తరువాత తానే కొండలెక్కి ఊరూరూ తిరిగారు. ఆ తిరుగుళ్ళలో మలేరియా పట్టుకుంది. దానికి మింగిన క్వినైను వల్ల చెవులు దెబ్బతిన్నాయని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. ఒక భాషను చెవులతో విని రాసిపెట్టిన మనిషికి ఆ పనిలోనే వినికిడి పోయింది.

అయినా పని ఆపలేదు. సవర భాషలో వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారు చేశారు. సొంత ఖర్చుతో బడులు పెట్టి, పంతుళ్ళకి జీతాలు తానే ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తనకి అక్కర్లేదని, ఆ డబ్బు సవర పిల్లల బడికి ఖర్చు పెట్టమని అన్నారట. 1913లో రావుబహదూర్ బిరుదు వచ్చింది. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయన వయసు 75 ఏళ్ళు.

మా లాబరేటరీలో మాస్టారు మొదటి రోజున చెప్పే పాఠం ఒకటుంది. పుస్తకంలో ఏముందో రాయకండి, మీ కంటికి ఏం కనిపించిందో అది రాయండి అని. పంతులు గారు సవర భాష దగ్గర చేసింది అదే. అదే పద్ధతిని తన తెలుగు మీదికి తిప్పేసరికి పెద్ద గొడవ అయింది.

ఆ గొడవ ఏమిటో ఇప్పటి మనకి కొంచెం విడమరిచి చెప్పాలి. ఆనాటి పాఠ్యపుస్తకాల్లో తెలుగు మనం మాట్లాడే తెలుగు కాదు. ఇంట్లో పిల్లవాడు వస్తున్నాడు అంటాడు. పుస్తకంలో వచ్చుచున్నాడు అని ఉంటుంది. వచ్చాడు అని రాస్తే తప్పు, వచ్చెను అని రాయాలి. చిన్నయసూరి గారి బాలవ్యాకరణం 1858లో వచ్చిన తరువాత దాని సూత్రాలకి లోబడిందే మంచి తెలుగు అనే అభిప్రాయం బడుల్లో స్థిరపడిపోయింది. ఆ వ్యాకరణానికి ఆధారం వందల ఏళ్ళనాటి కావ్యాలు. చరిత్ర, భూగోళం లాంటి పాఠాలు కూడా ఆ భాషలోనే రాయాలి. విషయం ఎంత తెలిసినా ఆ భాష పట్టుబడని వాడికి మార్కులు లేవు. పండితుల ఇళ్ళలో పుట్టిన పిల్లలకి ఆ భాష చెవిన పడుతూ ఉంటుంది. రైతు బిడ్డకి, నేతపని వాడి బిడ్డకి ఎక్కడ పడుతుంది? భాష పేరు మీద బడి గుమ్మంలో ఒక గేటు పెట్టినట్టే కదా!

1907 ప్రాంతాల్లో జె.ఏ. యేట్సు అనే దొర ఉత్తర కోస్తా జిల్లాలకి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. జనం మాట్లాడే భాషకీ, బడిలో చెప్పే భాషకీ ఇంత తేడా ఎందుకని ఆయనకి సందేహం కలిగింది. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన గిడుగు వారినీ గురజాడ వారినీ చూపించారు. ఈ నలుగురితో వాడుక భాష ఉద్యమం మొదలైంది. 1912-13లో స్కూల్ ఫైనల్ వ్యాసరచన పాత పద్ధతిలోగాని, ఆధునిక భాషలోగాని రాయవచ్చునని ఉత్తర్వు వచ్చింది.

దాంతో పండిత లోకం భగ్గుమంది. జయంతి రామయ్య పంతులు గారి వంటి పెద్దలు ముందు నిలిచారు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు వారికి వేదిక అయింది. వారిని ఈనాడు మనం తేలిగ్గా కొట్టిపారేయకూడదు. వాడుక భాషని ఒప్పుకుంటే జిల్లాకొక తెలుగు తయారవుతుందని, నన్నయ తిక్కనలు రేపటి పిల్లలకి పరాయివాళ్ళైపోతారని వారి భయం. ఆ భయంలో న్యాయం లేకపోలేదు. 1914లో గురజాడ వారు మద్రాసు విశ్వవిద్యాలయం సంఘంలో తమ అసమ్మతిని పెద్ద పత్రంగా రాసి ఇచ్చారు. 1915లో ఆయన కన్నుమూశారు. పరీక్షల్లో వచ్చిన స్వేచ్ఛ కూడా నిలవలేదు. చెవులు సరిగా వినపడని, యాభై దాటిన రిటైర్డు పంతులు గారి మీద ఆ బరువంతా పడింది.

ఆయన వాదించిన తీరు సైన్సు విద్యార్థులందరూ తెలుసుకోదగ్గది. ఆయన కేకలు వేయలేదు, సాక్ష్యాలు పోగు చేశారు. పాత వ్యాఖ్యానాల్లో, శాసనాల్లో, పండితులే రాసుకున్న వచనంలో వాడుక రూపాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఏరి చూపించారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టేవారి పుస్తకాలు తీసి, వారి వ్యాకరణం ప్రకారమే వారి తప్పులు లెక్కగట్టారు. ఆ పుస్తకమే ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం. ఇంత చదువుకున్న పండితులే తప్పు లేకుండా రాయలేని భాషని పదేళ్ళ పిల్లవాడి నెత్తిన రుద్దడం ఎంతవరకు సబబు అన్నదే అందులో సారాంశం. కావ్యాలు చదవొద్దని ఆయన ఏనాడూ అనలేదు. కావ్యాల్ని ఆ భాషలో చదువుదాం, ఈనాటి విషయాలు ఈనాటి భాషలో రాద్దాం అన్నారు.

1919లో తెలుగు అనే మాసపత్రిక పెట్టి ఒక ఏడాది నడిపారు. అదే సంవత్సరం రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడితే దానికి అధ్యక్షులు కందుకూరి వీరేశలింగం గారు. జీవితమంతా గ్రాంథికం రాసిన వీరేశలింగం గారు చివరి రోజుల్లో వాడుక భాష వైపుకు రావడం మామూలు సంగతి కాదు. కొద్ది నెలలకే, ఆ మే నెలలో ఆయన పోయారు. 1924లో కాకినాడలో సాహిత్య పరిషత్తే వాడుక భాష మీద నిషేధాన్ని ఎత్తివేసింది. ఆ మరుసటి ఏడు తణుకు సభలో పంతులు గారు నాలుగు గంటలపాటు మాట్లాడి, గ్రంథాల్లోంచి ప్రయోగాలు ఒక్కొక్కటే ఎత్తి చూపించారట. 1934లో కైజర్-ఇ-హింద్ పతకం, 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారి కళాప్రపూర్ణ బిరుదు వచ్చాయి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయింది. యాభై ఆరేళ్ళు ఉన్న ఊరు విడిచిపెట్టి, 73వ ఏట రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న మద్రాసులో తుదిశ్వాస విడిచారు. దానికి వారం ముందు కూడా పత్రికా సంపాదకుల్ని కూర్చోబెట్టి వాడుక భాషలో రాయమనే కోరారు. పర్లాకిమిడిలో ఆయన దగ్గర చదువుకున్న తాపీ ధర్మారావు గారు జనవాణి పత్రికలో ఆ పని అప్పటికే చేసి చూపించారు. తరువాత దినపత్రికలన్నీ ఆ దారి పట్టాయి. 1968లో తెలుగు అకాడమీ పెట్టి కాలేజీ పాఠ్యపుస్తకాలు కూడా తెలుగులో తేవడం మొదలుపెట్టారు. ఆయన పుట్టినరోజు ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం.

మరి గెలుపు పూర్తయిందా? నాకు అలా అనిపించదు.

మాది వంశధార కాలువ కింద వ్యవసాయం. వరి మొక్క పీకి దమ్ము చేసిన మడిలో నాటడాన్ని మా వైపు ఉభాలు అంటారు. గోదావరి వైపు ఊడుపులు అంటారు. తెలంగాణాలో నాట్లు అంటారు. పుస్తకాల్లోకీ, పరీక్షల్లోకీ ఎక్కువగా ఎక్కేది నాట్లు ఒక్కటే. పంతులు గారు గెలిపించిన భాషని శిష్ట వ్యావహారికం అన్నారు, అంటే చదువుకున్నవాళ్ళ వాడుక. అందులో కోస్తా జిల్లాల చదువుకున్నవాళ్ళ పలుకుబడికే పెద్దపీట పడింది. ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణా పల్లెల మాట చాలాకాలం సినిమాల్లో నవ్వులాటకే పనికొచ్చింది. ఇది చిన్న లోటు కాదు. అయితే దీన్ని సరిదిద్దే దారి కూడా పంతులు గారి పద్ధతిలోనే ఉంది. 1962లో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం వచ్చింది. ఊళ్ళవెంట తిరిగి రైతుల నోట విన్న మాటలు ఎక్కించిన నిఘంటువు అది. మా మేడి, కాడి, కర్రు అచ్చులోకి ఎక్కడానికి ఒకరు వచ్చి మా వాళ్ళని అడగాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. 2015 నుంచి రైతులకి భూసార పరీక్ష కార్డులు ఇస్తున్నారు. మట్టిని పరీక్షించి పన్నెండు అంశాలు చెబుతారు. ఎంతో మంచి పని. మా నాన్న ఆ కార్డు నా చేతికిచ్చి ఇందులో ఏముందిరా అని అడిగాడు. ఉదజని సూచిక, విద్యుత్ వాహకత, సేంద్రియ కర్బనం. అన్నీ తెలుగు అక్షరాలే. కానీ నలభై ఏళ్ళు ఆ మట్టిని తొక్కిన మనిషికి ఒక్క ముక్కా అందలేదు. నేల చౌడుగా ఉందా లేదా అన్నదే మొదటి రెండు అంకెల్లో ఉందని చెప్పాను. ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా అన్నాడు. ఆ తరువాత పశ్చిమం మడిలో ఏ మూల చౌడు తేలుతుందో, ఏ ఏడు తేలిందో నాకే చెప్పుకొచ్చాడు. ఒక మాట మారేసరికి వినేవాడు చెప్పేవాడయ్యాడు.

యూరియా ఎక్కువ వేస్తే పైరు ఎందుకు మాడుతుందని కూడా అడిగాడు. మా పాఠంలో దాని పేరు ద్రవాభిసరణం. ఉప్పు చల్లిన మామిడికాయ ముక్కల్లోంచి ఊట దిగినట్టు, వేరులోని నీరు బయటికి లాగేస్తుందని చెబితే పక్కనున్న అమ్మకి కూడా అర్థమైంది. సాంకేతిక పదాలు వద్దని నేననడం లేదు. ప్రయోగశాలలో అవి కావాలి. కాని ప్రయోగశాల దాటి పొలానికి వెళ్ళేటప్పుడు వాటి వెంట ఊట లాంటి మాట ఒకటి వెళ్ళాలి.

ఈనాడు గ్రాంథికం పోయి, ఆ గేటు దగ్గర ఇంగ్లీషు నిలబడింది. మా బి.ఎస్సీ. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. ఇంగ్లీషు నేర్చుకోవాల్సిందే. పంతులు గారు కూడా తన సవర వ్యాకరణం ఇంగ్లీషులోనే రాశారు. అయితే ఆయన ఇంగ్లీషు నేర్చుకుని కొండ దిగిపోలేదు, కొండెక్కారు. మనం ఏం చేస్తున్నామని అడుగుతున్నాను.

సోదర విద్యార్థులారా! మన కాలేజీలో సగానికి సగం మందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే. ఈ సెలవుల్లో ఒక్కొక్కరం మన ఊరి భూసార కార్డు ఒకటి తీసుకుని, అందులోని పన్నెండు అంశాల్నీ మన ఊరి మాటలో రాసుకొద్దాం. తెలియని మాట ఇంట్లో పెద్దవాళ్ళనడుగుదాం. కెమిస్ట్రీ, బోటనీ శాఖల మాస్టార్లు తప్పులు దిద్దితే యూనియన్ తరఫున అచ్చు వేయించి పంచుదాం. ఖర్చు పెద్దగా ఉండదు. మా ఊరి కార్డు నేను ఇప్పటికే రాసి పెట్టాను. కలిసి వచ్చేవాళ్ళు జూన్‌లో కాలేజీ తెరిచాక బోటనీ లాబ్ దగ్గర నన్ను కలవండి.