కలివికోడి కోసం వెదికించిన సలీం అలీ గారు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమంటే, మన కడప జిల్లాతో ముడి ఉన్న పక్షుల పెద్దాయన సలీం అలీ గారిని ఎంచుకున్నాను.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. పసితనంలోనే తల్లిదండ్రులు పోగా మేనమామ ఇంట పెరిగారు. పదేళ్ల వయసులో ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపుమచ్చ కనిపించింది. అదేం పిట్టో కనుక్కుందామని నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లారు. అక్కడ మిల్లార్డ్ దొర చూపిన పక్షుల బీరువాలు ఆయన జీవితాన్నే మార్చేశాయి. అయితే యూనివర్సిటీ పట్టా లేదని జూలాజికల్ సర్వేలో ఉద్యోగం రాలేదు. క్వాలిఫికేషన్ల చిక్కులు మనకు తెలియనివా!

బెర్లిన్‌లో పక్షిశాస్త్రం నేర్చుకుని వచ్చి, 1931–32లో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి ఏ పక్షి ఎక్కడ ఉంటుందో రాసుకున్నారు. వెంట తిరిగిన భార్య తెహ్మీనా గారు 1939లో కాలం చేశారు. తరువాత ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. పద్మవిభూషణ్, రాజ్యసభ సభ్యత్వం వచ్చాయి గాని, వాటికంటే పక్షుల కాళ్లకు తొడిగించిన అల్యూమినియం కడియాలే నాకు గొప్పగా తోస్తాయి. ఇక్కడ కడియం వేసిన పక్షి సైబీరియాలో దొరికితే దాని దారి తెలుస్తుంది. చలికాలంలో మన చెరువులకు దిగే బాతులు, జొన్నచేల మీద వాలే గులాబీరంగు గోరువంకలు అంత దూరాల నుంచి వచ్చే చుట్టాలే.

కలివికోడి మాత్రం ఎక్కడికీ పోదు. కలివి పొదల మధ్య ఖాళీ నేల మీద రాత్రిపూట తిరుగుతుంది. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించాక మళ్లీ జాడ లేదు. సలీం అలీ గారు ఏళ్ల తరబడి వెదికించారు. చివరకు 1986 జనవరిలో, లంకమల కొండల దాపున రెడ్డిపల్లె వద్ద, సొసైటీకి చెందిన భరత్ భూషణ్ గారి అన్వేషణలో దొరికింది. అప్పటికి పెద్దాయనకు 89 ఏళ్లు. 1988లో లంకమల అభయారణ్యమైంది. తరువాత ఈ పక్షి కోసమే తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

ఆ రోజుల్లో నేను ఈ జిల్లాలోనే రెవెన్యూ గుమాస్తాను. అలాంటి కంపనేలలను ఎన్ని అడంగళ్లలో బంజరు అని రాశానో లెక్కలేదు. పనికిరాని నేల అనే అనుకునేవాణ్ణి. అందులో ఒక ప్రాణి కాపురముంటుందని ఏ గడిలోనూ రాసే వీలు లేదు, నాకూ తోచలేదు.

1987 జూన్ 20న ఆయన కన్నుమూశారు. ఆ వార్త ఆఫీసులో పేపర్లో చదివి, పక్కన పెట్టి, ముందున్న అడంగల్‌లో మళ్లీ బంజరు అనే రాసి సంతకానికి పంపాను.